కాళ్ల కబురు అందని రోజులు

ఎడమకాలికి చెప్పు లేకుండానే షాపు నుంచి ఇంటిదాకా నడిచి వచ్చాను. ఆ సంగతి నాకు తెలియదు. గుమ్మంలో మా ఆవిడ రజియా చూసి రెండో చెప్పేదని అడిగితే అప్పుడు కిందికి చూసుకున్నాను. జూలై నెల, వానలు పడుతున్నాయి, అరికాలంతా బురద. వెనక్కి వెళ్లి చూస్తే మా సందు మొదట్లోనే నీళ్లలో పడి ఉంది చెప్పు. మతిమరుపు వచ్చేసిందని రజియా నవ్వింది. నేనూ నవ్వాను. అన్నం తింటున్నంతసేపూ మాత్రం ఒకటే ఆలోచన. చెప్పు ఊడిందన్న సంగతి మర్చిపోతే అది మతిమరుపు. ఊడినట్టు అసలు తెలియనే తెలియకపోతే దాన్ని ఏమంటారు?

నాది భవానీపురంలో మెడికల్ షాపు. ఇరవై రెండేళ్లుగా అదే కౌంటరు వెనక పొద్దున్నుంచి రాత్రిదాకా నిలబడుతున్నాను. ఇప్పుడు గండం గడిచింది కాబట్టి ఇది రాస్తున్నాను. కుదురుగా కూర్చుని రాయడం నా వల్ల కావడం లేదు. రెండు పేరాలకోసారి లేచి వరండాలో ఆ చివరికీ ఈ చివరికీ తిరిగి వస్తున్నాను. రజియా విసుక్కుంటోంది. విసుక్కోనీ. తిరగగలుగుతున్నాను కదా.

చెప్పు సంగతి జరిగిన వారానికి, శుక్రవారం జుమా నమాజుకు మసీదులో వుజూ చేస్తున్నాను. నమాజుకు ముందు చేతులూ మొహమూ కాళ్లూ కడుక్కోవడం చిన్నప్పటి నుంచీ అలవాటే, చెయ్యి దానంతటదే చేసుకుపోతుంది. ఆ రోజు మొహం మీద నీళ్లు కొట్టుకుని కళ్లు మూసుకున్నానో లేదో, నేల ఒక పక్కకు ఒరిగిపోయినట్టయింది. నుదురు వెళ్లి కుళాయికి కొట్టుకుంది. పక్కనున్నాయన భుజం పట్టుకుని ఆపాడు. నీరసమేమో, ఏమైనా తిన్నారా అని అడిగాడు. తిన్నానని చెప్పాను. లోపలికి వెళ్లి సజ్దాలో తల నేలకు ఆనించినప్పుడు నా మోకాళ్లు ఎక్కడున్నాయో నాకు తెలియలేదు. నొప్పి లేదు, తిమ్మిరి కూడా పెద్దగా లేదు. కళ్లు తెరిచి చూసుకుంటే ఉన్నాయి, మూసుకుంటే లేవు.

ఎవరికీ చెప్పలేదు. మెడికల్ షాపు వాడికి జబ్బు చేస్తే డాక్టరు దగ్గరికి వెళ్లడం నామోషీ. నా వైద్యం నేనే చేసుకున్నాను.

ఆ వైద్యం గురించి కాస్త చెప్పాలి. మా షాపుకొచ్చేవాళ్లు జ్వరానికి మందు తీసుకున్నా, దగ్గుకు తీసుకున్నా, చివర్లో "బలానికి కూడా ఏదన్నా ఇవ్వండి" అనకుండా కౌంటరు వదలరు. వాళ్ల తృప్తి కోసం నరాల బలానికని విటమిన్ బిళ్లలు ఇస్తాం. వాటిని మేం మందుల్లో లెక్కవేయం. మందంటే చీటీ ఉండాలి, జాగ్రత్త ఉండాలి. ఇవి బలం బిళ్లలు, అంతే. రెండేళ్ల కిందట, రోజంతా నిలబడి నిలబడి నా పాదాలు చిమచిమలాడుతుంటే నేనూ ఒకటి వేసుకోవడం మొదలుపెట్టాను. తగ్గలేదని రెండు చేశాను. పాదాలకు ఇంకో కంపెనీది మంచిదంటే అదీ కలిపాను. నరాలకు ప్రత్యేకం అంటూ ఏజెంటు ఇంకోటి తెచ్చి చూపిస్తే దాన్నీ వదల్లేదు. చిమచిమ పెరిగిన కొద్దీ బిళ్లలు పెరిగాయి.

మా పక్క వీధిలో టిఫిన్ సెంటరు నడిపే లక్ష్మీకాంతం గారికి కూడా ఇలాగే ఇచ్చాను. తెల్లవారకముందే పెనం ముందు నిలబడే మనిషి, అరికాళ్లు మంటలని ఏడాది కిందట వచ్చింది. నేను వేసుకునేవే ఇచ్చాను. మీరు వాడేవే ఇచ్చారంటే ఇంక నాకు అనుమానమెందుకని సంతోషంగా తీసుకెళ్లింది.

ఆగస్టులో అసలు కథ మొదలైంది. నా షాపులో ఏ సొరుగులో ఏ బిళ్లలున్నాయో కస్టమరు మొహం చూస్తూనే తీసిచ్చేవాణ్ణి. అదొక గొప్ప నాకు. ఇప్పుడు చెయ్యి సొరుగులో పెడితే వేళ్లు ఏం ముట్టుకుంటున్నాయో తెలియదు. వంగి చూసుకుంటే తప్ప పని జరగదు. రెండు టానిక్కు సీసాలు పగిలాయి. కరకట్ట మీద స్కూటరు నడుపుతుంటే బ్రేకు కోసం కాలు వేశాను, బ్రేకు లేదు. ఉంది, నా కాలే ఇంకెక్కడో ఉంది. వెళ్లి జామకాయల బండిని గుద్దాను. ఎవరికీ దెబ్బ తగల్లేదు గానీ, జామకాయలమ్మే ఆవిడ నన్ను చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. పొద్దున్నే తాగి వచ్చాడనుకుంది.

ఆ మాట ఆవిడతో ఆగలేదు. ఒక సాయంత్రం మా బావమరిది ఇంటికొచ్చి తలుపు దగ్గరగా వేసి, గొంతు తగ్గించి, ఏమైనా అలవాటు చేసుకున్నారా బావా అని అడిగాడు. మా ఇంటా వంటా లేని మాట. నేను లేచి అరిచాను. అరుస్తూ అడుగు ముందుకు వేయబోయి మంచం కోడు తన్నుకుని వాడి మీదే పడ్డాను. నేను తాగలేదని చెప్పడానికి అంతకంటే చెడ్డ పద్ధతి ఇంకోటి ఉండదు. చాలా రోజుల తర్వాత రజియా ఒప్పుకుంది, ఆ వారమంతా నేను స్నానానికి వెళ్లినప్పుడల్లా నా చొక్కా వాసన చూసేదట. పాతికేళ్ల కాపురం. కోపం రాలేదు, ఏడుపొచ్చింది.

సెప్టెంబరులో నరాల డాక్టరు దగ్గరికి వెళ్లక తప్పలేదు. వెళ్లే ముందు రోజు, షాపు కొన్నాళ్లు మూసేయాల్సి వస్తుందేమోనని, లక్ష్మీకాంతం గారికి రెండు నెలలకు సరిపడా బిళ్లలు ఒకేసారి పెట్టెలో పెట్టి ఇచ్చాను. మధ్యలో ఆపొద్దని కూడా చెప్పాను.

సూర్యారావుపేటలో ఆసుపత్రి. టోకెను నంబరు చాలా దూరంలో ఉంది. నాకు కూర్చోబుద్ధి కాదు, నిలబడితే నిలకడ లేదు. కుర్చీలో కూర్చుని నా పాదాలనే చూస్తూ ఉండేవాణ్ణి, చూపు తిప్పితే అవి ఎటైనా పోతాయేమో అన్నట్టు. నా పక్కన ఉయ్యూరు దగ్గర్నుంచి వచ్చిన ఒక పెద్దాయన, చెరుకు రైతు. కుడిచెయ్యి ఆగకుండా వణుకుతోంది. మూడు గంటల్లో చక్కెర ఫ్యాక్టరీ గురించీ, తన కోడలి వంట గురించీ, అక్కడ అమ్మే టీ గురించీ చాలా చెప్పాడు. ఆ కబుర్లు లేకపోతే నేను లేచి ఇంటికి పోయేవాణ్ణి. నా పేరు పిలిచారు. కిటికీలు లేని నడవా సగం నడిచానో లేదో కరెంటు పోయింది. జనరేటరు అందుకోవడానికి పట్టింది కాసేపే. ఆ కాసేపట్లో నేను కుప్పకూలాను. రజియా ఒక్కతీ లేపలేకపోతుంటే ఆ పెద్దాయన వచ్చి నా చెయ్యి తీసి తన మెడ మీద వేసుకున్నాడు.

"నా చెయ్యి వణుకుద్ది గానీ భుజం వణకదండీ. గట్టిగా పట్టుకోండి" అన్నాడు.

ఆయన పేరు అడగలేదు. నేను బయటికొచ్చేసరికి ఆయన్ని ఇంకో డాక్టరు దగ్గరికి తీసుకెళ్లిపోయారు.

డాక్టరు గారు నలభై ఏళ్ల లోపు ఆవిడ. కాళ్లూ చేతులూ నొక్కించి చూశారు, బలం పూర్తిగా ఉందన్నారు. తర్వాత కళ్లు మూసుకోమని నా కాలి బొటనవేలు పట్టుకుని, పైకి వంచానా కిందికి వంచానా చెప్పమన్నారు. పైకి అన్నాను. ఇప్పుడు? కిందికి. ఇప్పుడు? పైకి. పరీక్షలో తెలియని ప్రశ్నకు రాసినట్టు రాసుకుపోయాను. కళ్లు తెరిచాక రజియా మొహం చూస్తే తెలిసింది, ఒక్కటీ సరిగ్గా చెప్పలేదని.

ఏం మందులు వాడుతున్నారని అడిగారు. ఏమీ లేవండీ, బీపీ లేదు, షుగరు లేదు అన్నాను. నేను అబద్ధమాడలేదు. నిజంగానే నా దృష్టిలో నేనేమీ వాడటం లేదు. రజియా సంచిలో చెయ్యి పెట్టి మూడు రకాల బిళ్లల అట్టలు తీసి బల్ల మీద పెట్టింది. ఇంట్లో నా తలగడ పక్కన ఉన్నవన్నీ తెచ్చింది. డాక్టరు గారు ఒక్కొక్కటీ తిప్పి వెనక సన్నటి అక్షరాలు చదివి, మూడింటి మీదా ఒకే పేరు కింద పెన్నుతో గీత గీశారు. విటమిన్ బి6. రోజుకు అన్నీ కలిపి ఎన్ని అన్నారు. ఆరు, ఒక్కోసారి ఎనిమిది. ఎన్నాళ్లుగా? రెండేళ్లు. మీరేం చేస్తుంటారు?

"మెడికల్ షాపండీ" అన్నాను.

ఆవిడ పెన్ను కింద పెట్టారు. నన్నేమీ అనలేదు. అని ఉంటే బాగుండేది.

ఒక మోతాదు వరకూ మేలు చేసే ఆ విటమిన్, అంతకు ఎన్నో రెట్లు నెలల తరబడి వేసుకుంటే అదే నరాలను దెబ్బతీస్తుందట. రక్తపరీక్షకు పంపి రిపోర్టు వచ్చాక ఖాయం చేద్దాం గానీ ఈ రోజు నుంచే మానేయమన్నారు. నా మొహం చూసి, అర్థమయ్యేలా చెప్పాలనుకున్నారేమో, కుర్చీ ముందుకు జరుపుకున్నారు.

"మీ కాళ్లలో బలం ఎక్కడికీ పోలేదండీ. మెదడూ బాగానే ఉంది. ఆ రెండింటి మధ్య కబురు నడవడం లేదు, అంతే. మా నాన్న కాలవ మీద లస్కరుగా చేశారు, అవనిగడ్డ అవతల, నీళ్లు ఆఖర్న చేరే చోట. లాకుల దగ్గర నీళ్లెంత మట్టంలో ఉన్నాయో చూసి పొద్దునా సాయంత్రం పైవాళ్లకు ఫోన్ చేసేవారు. ఆ ఫోన్ రాకపోతే ఎంత వదలాలో పైన ఎవరికి తెలుస్తుంది? నీళ్లున్నాయి, గేట్లున్నాయి, మనుషులున్నారు. కింద చేలు ఎండుతున్నాయో మునుగుతున్నాయో మాత్రం తెలియదు."

ప్రతి కండరంలోనూ అలాంటి లస్కర్లు ఉంటారట. కండరం ఎంత సాగింది, కీలు ఎంత వంగింది అని నరాల వెంట వెన్నుపాములోకి, అక్కణ్నుంచి తల వెనక భాగంలో ఉండే చిన్నమెదడుకు క్షణక్షణం కబురు పంపుతూనే ఉంటారు. చిన్నమెదడు ఆ కబుర్లు చూసుకుని అడుగు ఎక్కడ వేయాలో, ఒళ్లు ఎటు వాలకూడదో సర్దుతూ ఉంటుంది. మనల్ని అడగదు, మనకు చెప్పదు. యాభై రెండేళ్లు నేను నడిచింది ఆ కబుర్ల మీద అని నాకు తెలియనే తెలియదు. ఇప్పుడు కబుర్లు ఆగిపోయేసరికి ఆ పనంతా కళ్లు చేస్తున్నాయి. అందుకే వెలుతురు ఉంటే మనిషిని, కళ్లు మూస్తే మూట.

లేచి వచ్చేస్తుంటే ఇంకో మాట చెప్పారు. మానేసిన తర్వాత కూడా కొన్ని వారాలు పెరగవచ్చు, కంగారు పడొద్దు, ఆ తర్వాతే తగ్గడం మొదలవుతుంది అని. నేను విన్నాను. విన్నానని ఇక్కడ రాసి పెడుతున్నాను.

వారానికి రిపోర్టు వచ్చింది. డాక్టరు గారు అనుకున్నదే.

అక్టోబరంతా నరకం. చెప్పినట్టే పెరిగింది. చెంచా నోటికి బదులు చెంపకు తగిలేది. గ్లాసు పట్టుకున్నానో లేదో చూసుకుంటే గానీ తెలిసేది కాదు. రెండు కాళ్లూ ఎడంగా పెట్టి, నేల చూసుకుంటూ, గోడ పట్టుకుని నడిచేవాణ్ణి. కూర్చోలేను, పడుకోలేను, పడుకుంటే కాళ్లు లేనట్టుండి భయమేసి లేచేవాణ్ణి. గదిలో లైటు తీసిందని రజియా మీద కేకలేశాను. ఇంట్లో మేం సగం ఉర్దూ సగం తెలుగు మాట్లాడతాం, ఆ రోజు రెండు భాషల్లోనూ నోటికొచ్చిందల్లా అన్నాను. ఆమె మర్నాడు బజారుకెళ్లి ఎర్రటి సాక్సులు నాలుగు జతలు కొనుక్కొచ్చింది, తెల్లటి నేల మీద నా పాదాలు నాకు బాగా కనబడాలని. తాగావా అని అడిగిన బావమరిదే రోజూ ఉదయం వచ్చి నన్ను స్నానాల గదిలో స్టూలు మీద కూర్చోబెట్టి, తల మీద నీళ్లు పోసేటప్పుడు వెనక నుంచి రెండు భుజాలూ పట్టుకునేవాడు. ఆ పాత మాట మా ఇద్దరి మధ్యా మళ్లీ రాలేదు.

ఆ నెల మొదట్లోనే లక్ష్మీకాంతం గారు చూడ్డానికి వచ్చింది. గిన్నెలో ఇడ్లీలూ అల్లం చట్నీ తెచ్చింది. గడప దాటేటప్పుడు ఆవిడ గుమ్మం పట్టుకుని, కిందికి చూసుకుని, కాలు ఎత్తి జాగ్రత్తగా పెట్టింది. ఇంకెవరికైనా అది వయసు మీద పడ్డ మనిషి జాగ్రత్తలా కనబడుతుంది. నాకు కనబడింది వేరు. షాపు ఎప్పుడు తెరుస్తారని అడిగి, నా బిళ్లల గురించి మీరు బెంగపెట్టుకోకండి, ఇంకా ఉన్నాయి, ఒక్క పూట కూడా మానలేదు అని చెప్పింది.

నోటిదాకా వచ్చింది మాట. రజియా టీ తెచ్చింది. మాట మింగేశాను.

ఆవిడ వెళ్లాక నాకు నేను చెప్పుకున్న సాకులన్నీ రాస్తాను. డాక్టరు పొరబడి ఉండొచ్చు. మానేసినా పెరుగుతోందంటే కారణం బిళ్లలు కాదేమో. పెరుగుతుందని ముందే చెప్పారు కదా అని ఒక మనసు అంటే, ఇంకో మనసు దాని నోరు నొక్కేసేది. నాకు తగ్గడం మొదలయ్యాక, రుజువయ్యాక చెబుతాను, ఊరికే ఆవిణ్ణి భయపెట్టడం ఎందుకు. ఆవిడ రోజుకు రెండే వేసుకుంటుంది, నా అంత కాదు. ఇవన్నీ పైపై మాటలు. అసలు మాట ఇంకోటి. ఇరవై రెండేళ్లుగా భాయ్ గారు ఇస్తే తగ్గిపోతుందని నాకు పేరు. ఆ పేరు పోతుందని భయం. ఫోన్ నా పక్కనే ఉండేది. ఆవిడ నంబరు అందులో ఉంది.

నవంబరులో నాకు మెల్లగా తేడా తెలిసింది. ఒక పొద్దున మంచం దిగుతుంటే చల్లటి నేల చల్లగా తగిలింది. ఎడమ మడమకు, అదీ ఒక పక్కనే. దానికే నేను రజియాను పిలిచి చిన్నపిల్లాడిలా ఏడ్చాను.

ఇప్పటికి ఆ రోజుల మీద ఏడాది గడిచింది. నడుస్తున్నాను. షాపులో కూర్చుంటున్నాను. వుజూ చేసేటప్పుడు ఒక చెయ్యి గోడకు ఆనించి ఉంచుతాను. సన్న మెట్లు దిగలేను, స్కూటరు జోలికి పోను. మిగిలింది ఎంత వస్తుందో చెప్పలేమన్నారు డాక్టరు గారు. బలానికి ఏదన్నా ఇవ్వమని అడిగినవాళ్లకు ఇప్పుడు అట్ట తిప్పి వెనక అక్షరాలు చదివి వినిపిస్తున్నాను. ఇంట్లో ఇంకేమేం వేసుకుంటున్నారో అడుగుతున్నాను. కొంతమంది విసుక్కుని వేరే షాపుకు పోతున్నారు. ఇది చదివేవాళ్లకు నేను చెప్పేది కూడా అంతే. డాక్టరు ఏం మందులు వాడుతున్నారని అడిగితే, మీరు మందు కాదనుకున్నవి కూడా తీసి బల్ల మీద పెట్టండి.

లక్ష్మీకాంతం గారు కూడా మళ్లీ పెనం ముందు నిలబడుతోంది. ఆవిడకు నా అంత ముదరలేదు. నా షాపుకు మాత్రం రాదు.

ఇక్కడితో ముగించి కాగితాలు మడిచి పెట్టాను. నాలుగు రోజులు కుదురు లేదు. రాయనిది ఒకటి ఉండిపోయింది.

నవంబరులో ఆ చల్లటి నేల తగిలిన రోజే, టిఫిన్ సెంటరు మూసి ఉందని రజియా వచ్చి చెప్పింది. లక్ష్మీకాంతం గారు సాంబారు గిన్నె దించబోతూ అడుగు తప్పి పడిందట, చెయ్యి కాలిందట. నేను అక్కడికి తీసుకెళ్లమన్నాను. నెలన్నర తర్వాత మొదటిసారి ఇల్లు దాటాను, ఒక చేత్తో కర్ర, ఇంకో చేత్తో రజియా భుజం, చూపు నేల మీద. పక్క వీధికి చేరడానికి అరగంట పట్టింది.

ఆవిడ వంటగదిలో చేతికి గుడ్డ చుట్టుకుని నిలబడి ఉంది. నన్ను చూసి ఇంత దూరం ఎందుకొచ్చారండీ అని గాబరాపడింది. నేను ఏమీ వివరించకుండా, పాదాలు రెండూ దగ్గరగా పెట్టి కళ్లు మూసుకోమన్నాను. రజియాను పక్కన నిలబడమన్నాను. ఎందుకని అడగలేదు ఆవిడ, నేను చెప్పాను కాబట్టి మూసుకుంది. మూసుకున్న వెంటనే గాలికి ఊగినట్టు ఊగింది. రజియా పట్టుకుంది.

అప్పుడు చెప్పాను. నా జబ్బు ఏమిటో, ఎందుకొచ్చిందో, ఆవిడకు నేనిచ్చినవి ఏమిటో. ఆ రెండు నెలల పెట్టె సంగతి రజియాకు కూడా అప్పుడే తెలిసింది.

లక్ష్మీకాంతం గారు అంతా విని ఒకటే అడిగింది.

"ఇది మీకెప్పుడు తెలిసిందండీ?"

అబద్ధం చెప్పొచ్చు. నిన్ననే రిపోర్టు వచ్చిందనొచ్చు. రజియా నా మొహమే చూస్తోంది.

"నలభై రోజులైంది" అన్నాను.

ఆవిడ వేళ్ల మీద ఏదో లెక్క చూసుకుంది. సగంలో ఆపేసింది.

"రాత్రి కూడా రెండు వేసుకున్నానండీ" అంది.

నా కాళ్లు వణుకుతున్నాయని నాకు తెలియదు, ఆవిడే చూసింది. పొయ్యి పక్కనున్న స్టూలు కాలితో నా వైపు జరిపి, కూర్చోండి ముందు, పడిపోతారు అంది. కూర్చున్నాను. ఆ గదిలో ఉన్నది ఆ ఒక్క స్టూలే. ఆవిడ కాలిన చేతిని పక్కకు పెట్టుకుని, రెండో చేత్తో గోడ పట్టుకుని, తన పాదాల వంక చూసుకుంటూ నిలబడింది.